తోట గట్టు దాటని మా మేనత్త

నా చిన్నప్పుడు, అక్కుపల్లిలో ఎండుచేపలు అమ్ముకునే మా మేనత్త ఊరి బయట చిన్న జీడితోట ఒకటి వాయిదాల మీద కొనుక్కుంది. భర్త లేని మనిషి. అమ్మిన రైతు స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసి తోట అప్పగించాడు. సొమ్మంతా ముట్టాక రిజిస్ట్రేషన్ అన్నాడు. సముద్రంలో చేపల వేట సాగని నెలల్లో వాయిదా ఆలస్యమయ్యేది. ఆయన కాదనకుండా పుచ్చుకునేవాడు, రసీదు ఇచ్చేవాడు.

తోటల ధరలు పెరిగాక ఆయన మనసు మారింది. జీడిపిక్కలు రాలే కాలంలో మనిషి చేత కబురు పెట్టాడు. గడువు తప్పింది కాబట్టి ఒప్పందం రద్దయిందట, ఇచ్చిందంతా కౌలు కింద సరిపోయిందట. ఇంటికొచ్చి మాట్లాడుకోమన్నాడు.

మా అత్త కదల్లేదు. "మాటాడాలంటే ఇక్కడికే రమ్మను బావూ. నాను గట్టు దాటితే మరి రానిత్తారేటి?" అంది కబురు తెచ్చిన మనిషితో. ఆ రోజు నుంచి వంట, పడక తోటలోనే. నన్ను తోడుంచుకుని, కాగితాలిచ్చి మా నాన్నను టెక్కలి వకీలు దగ్గరికి పంపింది.

వకీలు చెప్పింది నాన్న వచ్చి వివరించాడు. రాసుకున్న ఒప్పందం ఉంది, తోట ఆమె చేతిలో ఉంది, మిగిలిన సొమ్ము కట్టడానికి ఆమె సిద్ధంగా ఉంది. అలాంటి మనిషిని అమ్మినవాడు తన ఇష్టానికి వెళ్లగొట్టలేడట. ఇన్నాళ్లూ ఆలస్యపు వాయిదాలు పుచ్చుకుని ఇప్పుడు గడువు మాట ఎత్తితే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదట.

అత్త సంతోషిస్తుందనుకున్నాను. ఆమె పొయ్యి ముందే కూర్చుని, "సట్టం ఉంది సరే. అదొచ్చీదాకా ఇక్కడ కూకోవలసింది నానే కదేటి" అంది. ఆ గొంతులోని అలుపు అప్పట్లో నాకు అర్థం కాలేదు.

వకీలు ఆమె తరఫున కేసు వేస్తే, ఆమెను కదిలించవద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత కేసు ఏళ్ల తరబడి నడిచింది. తోట ఆమె పేరున రిజిస్టరయ్యే నాటికి ఆమె జుట్టు నెరిసిపోయింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చి, చాప వేసుకుని పడుకుంది.

ఇప్పుడు మా మేనకోడలు పలాసలో వాయిదాల మీద ఇళ్ల స్థలం కొంది. పాత ఒప్పందం తెచ్చిచ్చేస్తే కొత్తది రాస్తానని అమ్మినాయన ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఇవ్వొద్దన్నాను. ముందు వకీలుకు చూపించమన్నాను. "నువ్వు కూడా వత్తావా అత్తా?" అనడిగింది. నా మోకాళ్లు ఇదివరకటిలా లేవు. అయినా రేపు పొద్దున్నే బస్సెక్కుతున్నాను. న్యాయం మన వైపే ఉన్నా అది నెమ్మదిగా నడిచి వస్తుంది. అంతదాకా ఎదురుచూసే మనిషి పక్కన ఇంకో మనిషి ఉండాలి.