రత్నమాణిక్యం వేయించిన గచ్చు

రత్నమాణిక్యానికి తెలుసుకోవాలనే యావ పుట్టుకతో వచ్చింది. అరవై దగ్గరపడుతున్నా తగ్గలేదు. ద్వారకా తిరుమల కొండ మీద గుండు గీసే ఆయన్ని పట్టుకుని, కత్తి ఎన్ని తలలకి మొండిబారుతుందండీ అని అడిగిన మనిషి ఆవిడ. కొత్త మిక్సీ ఇంటికొస్తే ముందు విప్పి చూసి, ఆ తర్వాతే పచ్చడి రుబ్బింది. దెందులూరులో ఆవిణ్ణి చాటున ప్రశ్నపత్రం అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడు, "తప్పినవాళ్ళే అంటారులెండి" అని నవ్వేసి ఊరుకుంది.

అయితే కిందటి వానాకాలం నుంచి ఆవిడ ప్రశ్నలన్నీ నేల మీదకి దిగాయి. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో చెప్పులు విడిచి, మనుషుల్ని పలకరించకుండా కిందకే చూసేది. "ఈ బండ తడిస్తే జారుతుందా అండీ? మీ అమ్మగారు దీని మీద నడుస్తారా అండీ?" అని ఆరా తీసేది. వాళ్ళు కాఫీ తెచ్చేలోపు చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, వట్టి పాదంతో నేలని రుద్ది చూసేది.

దానికో కారణం ఉంది. భర్త జోగారావు ముచ్చటపడి ఇల్లంతా అద్దాల్లాంటి టైల్స్ వేయించాడు. ఆ వానాకాలంలోనే వాళ్ళమ్మ కనకమ్మ తడికాలితో వాటి మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఏలూరులో ఆపరేషన్ చేసిన డాక్టరు, ఎముక అతుక్కుంది గానీ నడిపించకపోతే మనిషి మంచానికే అతుక్కుపోతుందని గట్టిగా చెప్పాడు. కనకమ్మ మాత్రం ససేమిరా కాలు కింద పెట్టలేదు. మంచం పక్కన నిలబెట్టిన వాకరు తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. అత్తగారు తిట్టడం మానేసింది.

కనకమ్మ పుట్టిల్లు కొల్లేటి అంచున ఉన్న ఊరు. సరస్సు పొంగితే పంట నీళ్ళపాలు, పొంగకపోతే అదృష్టం. చిన్నప్పుడు కోతలయ్యాక చేలో రాలిన కంకులు పరిగె ఏరుకొచ్చి తిన్న మనిషి. అందుకే ఇంట్లో ఒక్క గింజ కింద పడ్డా వంగి తీసి, కళ్ళకద్దుకుని, చేటలో వేసి, ఆ తర్వాత కోడల్ని తలవాచేట్టు చీవాట్లు పెట్టేది. "లక్ష్మీదేవిని తొక్కుతావుటే!" అనే కేక వినకుండా రత్నమాణిక్యం కాపురంలో ఒక్క రోజూ తెల్లవారలేదు. అలాంటిది పడ్డాక, "మంచాన పడ్డదానికి నోరెందుకులే" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ కేకలు ఎప్పుడు ఆగుతాయా అని ఒకప్పుడు మొక్కుకున్న కోడలికి, అవి ఆగిన ఇంట్లో ఊపిరాడలేదు. మనిషన్నాక అంతే మరి.

"అత్తయ్య గదికీ, అక్కణ్ణుంచి వంటింటి దాకా నడవాకీ గచ్చు మారుద్దామండీ" అని భర్తని ఏలూరులో టైల్స్ కొట్టుకి లాక్కెళ్ళింది. కొట్టాయన గోపీచంద్ రకరకాల పలకలు వరసగా పరిచాడు. అందులో ఒకదాని దగ్గర ఆవిడ ఆగిపోయింది. సిమెంటులో రాళ్ళముక్కలు కలిపి, గట్టిపడ్డాక అరగదీసిన పలక.

"మొజాయిక్ కదండీ ఇది? మా చిన్నప్పుడు ఆసుపత్రిలో ఉండేది."

"అదేనండి. ఇప్పుడు టెర్రాజో అంటున్నారండి. మళ్ళీ ఫ్యాషనైపోయింది."

"పేరు మారిందా, సరుకు మారిందా?"

గోపీచంద్ నవ్వి, అవే చుక్కలున్న ఇంకో పలక చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని తిరగేసి, పక్కనుంచి చూసి, గోరుతో గీకింది. "ఇది పైన బొమ్మేనండి. దానికైతే అంచులో కూడా రాయి కనబడుతోంది" అని తేల్చేసింది. తర్వాత ఒక మగ్గుడు నీళ్ళూ, కాస్త షాంపూ అడిగింది. రెండు పలకల మీదా పోసి, వట్టికాళ్ళతో ఒకదాని మీదనుంచి ఇంకోదాని మీదకి ఎక్కి దిగుతూ ఊగింది. కొట్లో ఉన్నవాళ్ళంతా బేరాలు మానేసి చూస్తున్నారు. జోగారావు పరువు కాపాడుకోవాలో, పెళ్ళాం పడకుండా పట్టుకోవాలో తెలియక సగం చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఆవిడకి నచ్చింది అసలు మొజాయిక్కే, పొగరంగు మీద సన్నటి తెల్లముక్కలది.

"ఇది తుడిచినా తుడవనట్టే ఉంటుందేమోనే" అన్నాడు జోగారావు.

"తుడవకపోయినా తుడిచినట్టుంటుంది లెండి."

మేస్త్రీ శామ్యూల్ వచ్చి పని మొదలెట్టాడు. అన్నాళ్ళూ కనకమ్మ మంచం వసారాలో వేశారు. పలకలు పరిచాక పాలిష్ మిషన్ దించి, "అద్దంలా మెరిపించెయ్యనా అమ్మా?" అన్నాడు.

"అద్దం గోడకుంది బాబూ. ఇక్కడ కాలికి పట్టు కావాలి. కాస్త అరగదీసి వదిలెయ్యి."

ఆవిడ మిషన్ పక్కనే పీటేసుకుని కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేసింది. జవాబు చెప్పినప్పుడల్లా శామ్యూల్ మిషన్ ఆపాల్సొచ్చి, ఒకపూట పని రెండుపూటలు పట్టింది. పులుపు పడితే దీనికి మచ్చపడుతుందమ్మా అని అతను చెప్పడమే తడవు, మిగిలిపోయిన పలక మీద చింతపండు పులుసు పోసి ఉంచింది. మర్నాడు నిజంగానే తెల్లగా మచ్చ కనబడితే సంతోషంగా అందరికీ చూపించింది.

గచ్చు ఆరాక కనకమ్మని గదిలోకి మార్చారు. రత్నమాణిక్యం నీళ్ళు చల్లి, తను నడిచి చూపించింది. "చూడండత్తయ్యా, జారదు. నా చెయ్యి పట్టుకోండి."

కనకమ్మ కాలు దించబోయింది. చూపు మసక, అయినా వంగి నేలకేసి చాలాసేపు చూసింది. పాదం తగిలీ తగలకముందే నిప్పు తొక్కినట్టు వెనక్కి లాక్కుంది. ఏదో అనబోయి, పెదాలు బిగించుకుని, గోడవైపు తిరిగిపోయింది.

"చల్లగా ఉందా అత్తయ్యా? గరుగ్గా ఉందా?"

రోజూ అదే వరస. "ఆవిడకి నేలంటేనే భయం. నువ్వు బంగారం పరిచినా ఇంతే" అన్నాడు జోగారావు. రత్నమాణిక్యానికి ఏడుపొచ్చింది. ఎన్ని ఇళ్ళ నేలలు రుద్ది చూసింది! అత్తగారు ఇంక ఈ మంచం దిగకుండానే పోతుందా అనిపించింది. ఆ ప్రశ్న ఒక్కటీ ఎవరినీ అడగబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో చేప తోముతుంటే టక్, టక్ మని చప్పుడైంది. ఆగి, మళ్ళీ టక్ మంది. చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తింది. మంచం ఖాళీగా ఉంది.

కనకమ్మ గది అవతలి చివర, తలుపు పక్క ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా వాకరు, దాని మీద ఆరేసిన తువ్వాలు అలాగే ఉంది. చేతిలో చీపురు. ఆయాసపడుతూనే నేలని ఊడుస్తోంది.

"ఏమే, నీకు కళ్ళున్నాయా లేవా? గదినిండా నూకలు ఒలకబోసి, ఎన్నాళ్ళయినా ఎత్తవేం? నోరు మూసుకుని చూస్తున్నాను, ఇవాళ తీస్తుందేమో, రేపు తీస్తుందేమోనని. కాలు దించితే లక్ష్మీదేవి మీద పడుతుంది. చీపురందుకోడానికి అడుగడుక్కీ క్షమించు తల్లీ అనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే చీపురికి రావేంటే ఇవి!"

రత్నమాణిక్యం నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియలేదు. అత్తగారి పక్కన కూలబడి, ఆవిడ అరచేతిని తీసి నేలకి ఆనించింది.

"నూకలు కావండీ అత్తయ్యా. రాళ్ళు. గచ్చులోనే కలిపేశారు. బాగుందని నేనే ఎంచానండీ."

కనకమ్మ వేళ్ళతో తడిమింది. గోరుతో ఒక తెల్లచుక్కని పెళ్ళగించబోయింది. రాలేదు. మళ్ళీ గోడవైపు తిరిగిపోతుందేమోనని కోడలు బిక్కచచ్చి చూస్తోంది.

"జన్మంతా బియ్యంలో రాళ్ళు ఏరాను. ఇప్పుడు రాళ్ళలో బియ్యం ఏరుతున్నానుటే?" అంది కనకమ్మ. పళ్ళులేని నోటితో నవ్వు ఆగలేదు. "డబ్బిచ్చి మరీ రాళ్ళు పోయించావూ? ఎంతవరకూ పోయించావేం?"

"వంటింటి దాకానండీ."

"వంటింట్లో గింజలు ఒలికితే, గింజేదో రాయేదో ఎలా తెలుస్తుందే నీకు? అదేమైనా ఆలోచించావా?" అంటూ వాకరు మీద చేతులు ఆనించి లేచింది. "పద, చూద్దాం."

ఎంచేటప్పుడు ఆ ప్రశ్న నిజంగానే తట్టలేదు. రత్నమాణిక్యం తువ్వాలు తీసి భుజాన వేసుకుని, నడవా పొడుగునా తిట్లు తింటూ అత్తగారి వెనకాల నడిచింది.