సంతకం పక్కన ఇంకో బటన్

పోయిన నెల మా ఆవిడ ఇక్కడ కెనడాలో, గ్వెల్ఫ్ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఈ మాట ఫోన్లో చాలామందికి చెప్పాను. ఆమె ఏం పని చేసేదో ఎవరూ అడగలేదు. అది చెప్పాలని ఉంది.

ఇల్లు కొనేవాళ్లు చివర్న లాయర్ ముందు సంతకాలు పెట్టాలి. దాన్ని ఇక్కడ క్లోజింగ్ అంటారు. ఆ పని ఇంట్లోంచే, వీడియోలో లాయర్ చూస్తుండగా జరిగేలా స్క్రీన్లు డిజైన్ చేసేది మా ఆవిడ. ముందు కాగితాల మీద గీసి, మా ఇంటికి టీకి వచ్చినవాళ్లందరితో వాటిని నొక్కించేది. ఎవరైనా తడబడితే, "తప్పు మీది కాదు, నా బొమ్మది" అని అక్కడికక్కడే చెరిపేసేది.

మా వీధిలో ఇళ్ల కింది బేస్‌మెంట్ గదులన్నీ స్టూడెంట్లతో నిండిపోయిన రోజులవి. ఎదురింటి వరంగల్ దంపతులు స్టూడెంట్లకు గదులు అద్దెకిద్దామని రెండో ఇల్లు కొంటున్నారు. లోన్ ఇద్దరి పేరా. మా ఆవిడ ట్రయల్ కోసం వాళ్లను పిలిచి, తనే లాయరై కూర్చుంది.

"దేనిమీద సంతకం పెడుతున్నారో చెప్పండి వదినా."

వెనకనించి ఆయన అందుకున్నాడు. "ఆమెకేం తెలుస్తది చెల్లె, నేను చెప్త."

"ఈ సంతకం ఎవరిది అన్నయ్యా?"

"ఆమెదే."

"అయితే మీరెళ్లి ఛాయ్ పెట్టండి."

"పెండ్లయినంక ఇయ్యాల్నే స్టవ్ మొఖం చూస్తున్నడు" అని ఎదురింటావిడ పకపకా నవ్వింది. ఆయన లోపలికి వెళ్లాక గొంతు తగ్గించింది. "ఆయన కిస్తీ కట్టకుంటే బ్యాంకోళ్లు నన్ను అడుగుతరా?"

"అడుగుతారు."

"గట్లనా! నాకెవ్వరు చెప్పలే."

ఆ వారమే మా ఆవిడ స్క్రీన్లు మార్చింది. ఎవరి సంతకానికి వాళ్లే ఒంటరిగా కూర్చోవాలి. దేనిమీద పెడుతున్నారో తమ మాటల్లో చెప్పాలి. సంతకం బటన్ పక్కనే, అంతే పెద్దది ఇంకొకటి: 'నాకింకా అర్థం కాలేదు'. అది నొక్కితే లాయర్ మళ్లీ వివరించాలి.

దాంతో అపాయింట్‌మెంట్లు మరీ పొడుగవుతాయని, తీసేయమని ఆమె మేనేజర్ ఫోన్లో అన్నాడు. లేకపోతే ప్రాజెక్ట్ వేరేవాళ్లకిస్తానన్నాడు. అప్పటికే ఆమెకు చికిత్స మొదలైంది. "ఇచ్చెయ్యండి. బటన్ ఉంచి ఇవ్వండి" అంది. పక్కగదిలో నేను విన్నాను. అర్థం కాలేదని చెప్పే వీలు లేనిచోట సంతకం అడగకూడదని ఆమె నాతో చాలాసార్లు అనేది. చివరికి కొత్త స్క్రీన్ల ట్రయల్ చూసిన ఒక లాయరే అది తనకు కావాలన్నాడు. బటన్ ఉండిపోయింది.

నేను సివిల్ ఇంజనీర్ని. కట్టినవి వేలు పెట్టి చూపించగలను. ఆమె కట్టింది ఒక బటన్. నా బ్రిడ్జిలకంటే అదే నాకు గొప్పగా కనిపిస్తుంది.

ఎదురింటివాళ్ల క్లోజింగ్ మంచు బాగా పడిన మర్నాడు జరిగింది. ఆ ఇంటావిడ ఆ బటన్ నొక్కిందని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, వాళ్ల ముందుగదిలో ల్యాప్‌టాప్ ముందు చేతులు తిప్పుతూ లాయర్ని ఏదో అడుగుతూ కనిపించింది. ఆయన బయట, ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు తోస్తున్నాడు. పని అయిపోయినా లోపలికి వెళ్లే వీల్లేదు. మా కిటికీ వైపు చూసి, ఇంకా ఎంతసేపని పార ఎత్తి అడిగాడు. మా ఆవిడ శాలువాలోంచి చెయ్యి తీసి, ఆగమని అరచెయ్యి చూపించింది. ఆయన తల ఊపి, తోసినచోటే మళ్లీ తోయడం మొదలుపెట్టాడు. కిటికీ అద్దం దగ్గర మా ఆవిడ చెయ్యి ఇంకా దించలేదు.