నీళ్ళు పడేదాకా

మా మామ ముత్యాలప్ప మా పెళ్ళిలో భోజనం చెయ్యలేదు. యాడికి ఊళ్ళో మా పుట్టింటి ముందర పందిట్లో మూడు వందల మంది తింటుంటే, పెళ్ళికొడుకు తండ్రి మాత్రం గోడ నీడన కుర్చీ వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోని నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. మా నాయన ముఖం మాడిపోయింది. మర్యాదల్లో ఏం లోపం జరిగిందో అని మా అమ్మ ఏడ్చింది. పెళ్ళిపీటల మీద కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు సంగతి సాయంత్రానికి తెలిసింది. రెండేళ్ళ కిందట మా చేనులో బోరుకు పాయింటు పెట్టింది ఆయనే. ఆ పరిచయంతోనే సంబంధం కుదిరింది. సంబంధం కుదిరింది గానీ బోరులో నీళ్ళు పడలేదు. నీళ్ళు పడని ఇంట్లో ఆయన మెతుకు ముట్టడట.

మా మామ నీళ్ళు చూసే మనిషి. జుట్టున్న కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, చేను ఈ కొన నుంచి ఆ కొనకు నడిచేవాడు. కింద నీళ్ళున్న చోట కాయ నిట్టనిలువుగా లేచేది. లేచేదో, లేపేవాడో, ఆ గొడవలోకి నేను పోను. నేను బుక్కరాయసముద్రం బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. కాయ లేచిన చోట ఆయన మడమతో గుర్తు చేసి రాయి పెడితే, ఒకటి రెండు రోజుల్లో బోరు బండి వచ్చేది. నీళ్ళు పడితే ఆ ఇంటి ఆడమనిషి వడ్డించిన అన్నం తినే లేవాలి. పడేదాకా ఎంత ఎండలోనైనా ఆ ఇంటి మంచినీళ్ళు కూడా తాగకూడదు. వాళ్ళ నాయన కాలం నుంచి వచ్చిన కట్టుబాటు అది.

ముందు తరంలో ఈ కట్టుబాటుతో ఎవరికీ ఇబ్బంది లేదు. అప్పట్లో వంద అడుగులకే నీళ్ళు. మా కాలం వచ్చేసరికి భూమి అడుగుదాకా ఎండిపోయింది, ఆయన తినకూడని ఇళ్ళు ఊరూరా పెరిగిపోయాయి. బంధువుల ఇంటికి శుభకార్యానికి పోవాలంటే ముందు వాళ్ళ బోరు సంగతి కనుక్కోవాల్సి వచ్చేది. శుభలేఖ చేతికివ్వగానే ఈయన అడిగే మొదటి ప్రశ్న అదే. నేను నవ్వేదాన్ని, విసుక్కునేదాన్ని. నన్ను మాత్రం, పెళ్ళయినాక నువ్వు మా ఇంటిదానివి కదమ్మా అని వదిలేశాడు. లేకపోతే నా వంట కూడా తినేవాడు కాదు.

1999 ఎండాకాలంలో కుందుర్పి దగ్గర పల్లె నుంచి రామప్ప అనే నాలుగెకరాల రైతు వచ్చి పిలుచుకుపోయాడు. అతని చేనులో అప్పటికే ఎవరో పెట్టిన రెండు బోర్లు ఎండిపోయాయి. మా మామ పొద్దున్నుంచి నడిచి, ఈశాన్యం మూల రాయి పెట్టాడు. బోరు బండి వచ్చిన రోజు తనూ పోయి అక్కడే నిలబడ్డాడు. మూడు వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్మే లేచింది. ఇంకొంచెం దించుదామని రామప్ప బతిమాలాడు. మా మామే కుడిచెయ్యి ఎత్తి బండిని ఆపించాడు. కింద బండ తప్ప ఏమీ లేదని, ఉన్నదంతా తెచ్చి గుంతలో పోయొద్దని చెప్పాడు. రామప్ప మంచి కోరే చెప్పాడు.

నీళ్ళు పడతాయనే నమ్మకంతో రామప్ప భార్య నల్లమ్మ ఆ రోజు బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. పదేళ్ళ కూతురు వాటిని పళ్ళెంలో పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, చేను దగ్గరికి తెచ్చింది. నీళ్ళు పడినాక తింటానని మా మామ ఆ పిల్లకు చెప్పాడు. పిల్ల పళ్ళెం తీసుకుని వెనక్కి పోయింది. తొమ్మిదో రోజున రామప్ప ప్రాణం తీసుకున్నాడు.

ఆ తర్వాత మా మామ కొబ్బరికాయ చేత పట్టలేదు. గుడికి పోయినా కాయ నేనే కొట్టాలి. ఊరు విడిచి అనంతపురంలో మా దగ్గరికే వచ్చేశాడు. మా ఆయన శ్రీకాంత్ బస్సు డిపోలో గుమాస్తా. మా పాప లహరి అప్పుడు ఒళ్ళో పిల్ల. మేము నలుగురం, రామప్పతో కలిపి ఐదుగురం. నేను ఊరికే అనడం లేదు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఈయన ఠక్కున ఆగి పాదాల వైపు చూసుకునేవాడు. కింద ఏదో కదిలినట్టుంది అనేవాడు. వంటింట్లో పంపు నీళ్ళు సన్నగా కారుతుంటే లేచి వచ్చి కట్టేసి, అక్కడే నిలబడిపోయేవాడు. భోజనానికి కూర్చుంటే ఎదురుగా ఎవరో చూస్తున్నట్టు పళ్ళెం పక్కకు జరుపుకునేవాడు. ఒక ఉగాదికి నేను ఓళిగలు చేస్తే, బెల్లం పాకం వాసనకే చెప్పులేసుకుని బయటికి పోయి చీకటి పడేదాకా రాలేదు. ఎవరూ చెప్పకుండానే ఓళిగలు చెయ్యడం మానేశాను. చచ్చిపోయిన మనిషి మీద నాకు కోపంగా ఉండేది. ఆ కోపానికి సిగ్గుపడేదాన్ని కూడా.

2007లో సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక పిజ్జా హోటలు తెరిచారు. బెంగళూరులో, హైదరాబాదులో కూడా ఉన్న కంపెనీదే. లహరి గోల భరించలేక ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం పోయాం. మా మామ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఈ హోటలు ఎవురిది?" అని కొడుకును అడిగాడు.

"ఎవురిదీ కాదు నాయనా, కంపెనీది. ఓనరు యాడుంటాడో ఈడ పనిచేసేటోళ్ళకే తెలీదు."

"బోరు ఉండాదా?"

"లేదు. ట్యాంకరు నీళ్ళే."

మా మామ ఒకసారి ఎర్ర కుర్చీలనూ, గోడ మీది బొమ్మలనూ చూశాడు. "అయితే ఇది ఎవురి ఇల్లూ కాదు," అన్నాడు. లోపలికి వచ్చి కూర్చుని, ఎనిమిది ముక్కల్లో మూడు తిన్నాడు.

అంత ఇష్టంగా ఆయన తినడం నేనెప్పుడూ చూడలేదు. దానికి కంపెనీ రొట్టె అని పేరు పెట్టాడు. ముక్క లాగితే చీజు తీగలా సాగుతుంటే మనవరాలితో పోటీ పెట్టుకునేవాడు, ఎవరిది తెగకుండా ఎంత దూరం వస్తుందో అని. పక్కనిచ్చే ఎండుమిరప పొడి పొట్లాలు రెండు చింపి చల్లుకునేవాడు. లహరి వదిలేసిన గట్టి అంచులు కూడా ఆయనకే. తింటున్నంతసేపూ పళ్ళెం పక్కకు జరుపుకునేవాడు కాదు. అప్పటినుంచి నెలకో ఆదివారం అక్కడికే. చీర కొనుక్కోవడమైనా వాయిదా వేశాను గానీ ఆ ఆదివారం ఎప్పుడూ మానలేదు. ఆ గంటసేపు మేము నిజంగా నలుగురమే.

మరుసటి ఏడు మే నెలలో పోయినప్పుడు కొత్తమ్మాయి ఉంది. ఎర్ర టోపీ, ఇరవై లోపు వయసు. ఏం కావాలో రాసుకుంటూ మా మామ వైపే చూస్తోంది. పిజ్జా తెచ్చి బల్ల మీద పెట్టి, మొదటి ముక్క తనే తీసి ఆయన పళ్ళెంలో వేసింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నీళ్ళు చూసే ముత్యాలప్ప తాత గదా మీరు?"

ఆయన తలెత్తాడు.

"నేను అంజలిని తాతా. రామప్ప కూతుర్ని. ఓళిగలు తెస్తి గదా మీకు, చేను కాడికి."

మా మామ ముక్కను పళ్ళెంలో పెట్టేశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శ్రీకాంత్ కిటికీ వైపు తిరిగాడు. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో ఉన్న మనిషి ఇక్కడికి కూడా వచ్చేశాడని నాకు అర్థమైంది, భయం వేసింది. ఇది హోటలు మామా, వాళ్ళ ఇల్లు కాదు, తినండి అని గొంతు తగ్గించి అన్నాను. నా మాటలో బతిమాలడం కంటే కసురే ఎక్కువ ఉంది.

"ఆ పాప చేత్తో పెట్టింది గదమ్మా," అన్నాడు.

అంజలి ఆ మాట విన్నది. ఆ కట్టుబాటు ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు, దానికి కట్టుబడే కదా పళ్ళెం వెనక్కి తీసుకుపోయింది. ముఖమంతా వెలుగు పెట్టుకుని ఆయన దగ్గరికి వంగింది.

"తినండి తాతా. నీళ్ళు పడినాయి."

ఆయనకు అర్థం కాలేదు. ఏ బోర్లో అని అడిగాడు.

"మీరు పాయింటు పెట్టినారే, దాంట్లోనే. పోయినేడు మా చిన్నాయన అదే గుంతను ఇంకా దింపించినాడు. ఇంకో నలభై అడుగులకే నీళ్ళు తన్నుకోనొచ్చినాయి. ఆ పెద్దాయన కాయ అబద్ధం చెప్పలేదని మా యమ్మ ఒకటే ఏడ్చింది. మీరు యాడన్నా కనపడితే చెప్పాలని ఉంటిమి."

వేరే బల్ల వాళ్ళు పిలిస్తే పోయింది. ఆ పిల్ల శుభవార్తే తెచ్చింది. ఎన్నో రోజులుగా దాచిపెట్టుకుని, ఆయన కోసమే తెచ్చింది. ఆ పిల్లను ఏమనగలను?

బోరు బండికి నలభై అడుగులంటే అరగంట పని. లెక్క నాకే తెలిస్తే ఆయనకు తెలియదా? మా మామ కుడిచేతిని భుజం దాకా ఎత్తాడు. అరచెయ్యి తెరిచి, ఎదురుగా ఎవరినో ఆగమన్నట్టు పట్టుకుని, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు చేనులో ఎట్లా నిలబడి ఉంటాడో నేను మొదటిసారి చూశాను. నేను నెమ్మదిగా దాన్ని పట్టి కిందికి దించాను. చల్లగా ఉంది.

నీళ్ళు పడితే తినే లేవాలి. అది కూడా కట్టుబాటే. ఆయన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ముక్క తీసుకున్నాడు. తినడం మొదలుపెట్టాడు.

"తాతా, ఎడమ చేత్తో తింటావేంది?" అని లహరి నవ్వింది.

"ఆ చెయ్యి వద్దులే తల్లీ," అన్నాడు.

మిరప పొడి చల్లుకోలేదు. అంచుతో సహా, చివరి తుంపు దాకా తిన్నాడు. దూరం నుంచి అంజలి చూసి చాలా సంతోషపడింది.

ఆ తర్వాత ఆయన ఏడాదిన్నర బతికాడు. ఎక్కడ ఏం తిన్నా ఎడమచేత్తోనే తిన్నాడు. పంక్తిలో పక్కవాళ్ళు చూసి ముఖం చిట్లించుకునేవాళ్ళు, పక్షవాతమా అని నన్ను చాటుగా అడిగేవాళ్ళు. అవునని చెప్పేదాన్ని. ఇంట్లో ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎడమ పక్కన పెట్టడం నాకు అలవాటైంది.