కదలని బల్ల

లీనియర్ ఆల్జీబ్రాలో వెక్టర్లు మొదలుపెట్టే రోజు నా సంచిలో ఒక పాత మోకు ఉంటుంది. నిన్న నరసరావుపేటలో మా కాలేజీ క్లాసులో దాన్ని బయటికి తీశాను. పీచు వాసన, ఎప్పటిదో చెమట వాసన కలిసి వచ్చాయి. ఆ మోకు మా మాస్టారిది.

మాచర్లలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు లెక్కలు చెప్పేవారు. రోజూ రెంటచింతల నుంచి బస్సులో వచ్చేవారు. మనిషి పొట్టి, కోపం మాత్రం పొడుగు. వెక్టర్లు మొదలుపెట్టిన రోజు ఆయన బోర్డు ముట్టుకోలేదు. మోకును బల్లకు కట్టి, రెండు కొసలూ ఇద్దరికిచ్చి చెరో మూలకు లాగమన్నారు. బల్ల ఇద్దరికీ మధ్యగా జరిగింది. ఎంత బలం, ఎటువైపు, ఈ రెండూ చెబితేనే వెక్టర్ అన్నారు. తర్వాత ఇద్దరినీ ఎదురెదురు దిక్కులకు లాగమన్నారు. బల్ల కిర్రుమంది కానీ కదల్లేదు. ఏం జరిగిందని అడిగారు. మేమంతా బండలాగుడు పందేలు చూస్తూ పెరిగినవాళ్లం. అక్కడ బండ కదిలిన దూరమే లెక్క. అందుకే, కదల్లేదు కాబట్టి లాగనట్టేనని అందరం ఒక్క గొంతుతో చెప్పాం.

ఆయన లాగిన ఇద్దరినీ పిలిచి అరచేతులు మాకు చూపించమన్నారు. ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"మొత్తం సున్నానే. కానీ ఏమీ లేక వచ్చిన సున్నా కాదురా ఇది. ముందు చేతులు చూడండి, తర్వాత సున్నా రాయండి" అన్నారు.

ఆయన సంగతి నాకు డిగ్రీ అయిపోయాక తెలిసింది. వయసులో ఉన్నప్పుడు ఆయనకు యూనివర్సిటీలో పరిశోధనకు సీటు వచ్చిందట. అదే ఏడు భార్య మంచాన పడింది. ఆమెను వదిలి వెళ్లలేక, వెళ్లాలన్న కోరిక చంపుకోలేక ఆయన రెంటచింతలలోనే ఉండిపోయారు. ఆమె పోయేవరకూ అన్నీ తన చేతులతోనే చేశారు.

నాకు ఉద్యోగం వచ్చాక ఆయన్ని చూడటానికి వెళ్లాను. అప్పటికి ఆయనే మంచంలో ఉన్నారు. నన్ను చూసి సంతోషపడ్డారు, అంతలోనే ముఖం తిప్పుకున్నారు.

"నువ్వు చానా దూరం పోయావమ్మా. నేనేం చేశా? ఉన్నకాడే ఉండిపోయా. సున్నా."

నేను తట్టుకోలేకపోయాను. మంచం పక్కన కూర్చుని, "చేతులు చూపించండి సార్" అన్నాను.

ఆయన దుప్పట్లోంచి రెండు చేతులూ తీసి, చిన్నపిల్లాడిలా నా ముందు చాపారు. వాటిని పట్టుకుని ఏడ్చాను. వచ్చేటప్పుడు, అటక మీది మోకు తీసుకుపొమ్మన్నారు. ఆ వేసవి ఆయన దాటలేదు.

నిన్న కూడా బల్ల కదల్లేదు. లాగనట్టే మేడం, అన్నారు పిల్లలు. చేతులు చూపించమన్నాను. అందరూ చూశాక బోర్డు వైపు తిరిగాను. సున్నా రాయడానికి చాలాసేపు పట్టింది.