ఈవేళ్టి సేప

మొన్న శ్రీకాకుళంలో మనవరాలు నన్నొక ఏసీ కొట్టులోకి తీసుకెళ్లింది. అద్దం వెనక ఐసు మీద కోనాం చేపలు పరిచి, పైన నీలం బోర్డు మీద ఇంగ్లీషులో ‘ఫ్రెష్ ఫిష్’ అని రాశారు. నలభై దాటాక రాత్రి బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకుని, ఆ తర్వాత మనవరాలి వాచకం పక్కన కూర్చుని ఇంగ్లీషు కూడబలుక్కున్నదాన్ని కనుక, ఆ రెండు మాటలూ నేనే చదివాను. చదివాక ఒళ్లు మండింది. ఆ చేపల కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరవైల చివర్లో మా కళింగపట్నం ఆడవాళ్లు గంపలతో బస్సెక్కి శ్రీకాకుళం వచ్చేవారు. మా అమ్మకు అక్కడ వాడుక ఇళ్లుండేవి. గంప దించగానే, ఎవరూ అడక్కముందే మొప్ప ఎత్తి ఎరుపు చూపించేది, ఆ తర్వాతే బేరం. ‘ఈవేళ్టి సేప’ అన్న మాట ఎండ నడినెత్తికి వచ్చేదాకానే అనేది. అది దాటితే ఆ మాట మానేసి, మిగిలినవి ఇంటికి తెచ్చి ఉప్పులో వేసేది.

అలాంటి రోజుల్లో మా మేనమామ, అమ్మకు సొంత అన్న, విశాఖపట్నం నుంచి ఐసు పెట్టెలు తెచ్చి, వాటిమీద ఎర్రరంగుతో ఇంగ్లీషు అక్షరాలు రాయించాడు. ఒడ్డుకొచ్చిన చేపంతా తనే కొనేస్తుంటే, ఆయన పెట్టె ఎత్తుకోవడం తప్ప అమ్మకు దారి లేకపోయింది. మొప్పలు పాలిపోయాయేమని అడిగితే, ఐసుకి అలాగే అవుతుందన్నాడు. పడవ రావడం తన కళ్లతో చూడలేదు కనుక అమ్మ ‘ఈవేళ్టి సేప’ అనడం మానేసింది. పెట్టె మాత్రం, అమ్మకు తెలియని భాషలో, ఆమె నెత్తిమీద కూర్చుని రోజంతా ఆ మాటే అంటోందని ఆమెకేం తెలుసు? కొనేవాళ్లు అక్షరాలు చదివేసి, మొప్ప ఎత్తబోతే వద్దులే అనేవారు.

ఒకనాడు వాడుక ఇంట్లో పిల్లలకు వాంతులయ్యాయి. ఆ ఇల్లాలు అమ్మను వీధిలో నిలబెట్టి, తాజా అని రాసుకుని కుళ్లింది అమ్ముతావా అని కడిగేసింది.

“ఆ మాట నానన్లేదమ్మా,” అంది అమ్మ.

“నువ్వనకపోతేనేం, రాసుంది కదే.”

నేను పక్కనే ఉన్నాను. అన్న పేరు చెప్పలేక అమ్మ తల వంచుకుంది. వారం తిరక్కుండా వాడుక ఇళ్లన్నీ తలుపులు వేసేశాయి.

ఇంటికొచ్చి అమ్మ అడిగితే మేనమామ నవ్వాడు. “ఒసే, అది సేప మీద రాసినాది కాదే, పెట్టి మీద రాసినాది.” ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. అమ్మ ఆల్చిప్ప తెచ్చి, అక్షరాలన్నీ గీకి, పెట్టె ఆయన గుమ్మంలో పెట్టి వచ్చింది. ఆ తర్వాత ఎండుచేపలే అమ్మింది. వలలో కొట్టుకుంటున్న చేపను చూపించినా, ఇంట్లో మాతో కూడా ఆ మాట మళ్లీ అనలేదు.

మొన్న కొట్టులో పనిచేసే పిల్లను మొప్ప ఎత్తి చూపించమన్నాను. “బోర్డు సూళ్లేదా మామ్మా,” అంది. మనవరాలు సిగ్గుపడి నా చెయ్యి లాగింది. అమ్మ నోట్లో ఆ మాటకు ఒక్క పూటే ఆయుష్షు ఉండేది. బోర్డెక్కాక దానికి చావే లేదు, కింద చేపలు ఏమైపోయినా సరే.