అత్తకు చోటు వెతికిన అండాలు

దిల్‌సుఖ్‌నగర్‌కు కోచింగుల కోసం వచ్చిన ఆడపిల్లల్లో చాలామందికి అండాలు చేతి పప్పుచారు గుర్తుంటుంది. చైతన్యపురిలో ఒక లేడీస్ హాస్టల్‌కు వంటమనిషీ ఆమే, వార్డెనూ ఆమే. పిల్లకు జ్వరమొస్తే మలక్‌పేట దవాఖానకు తీసుకుపోయేదీ, చెప్పకుండా సినిమాకు పోయొచ్చిన పిల్లను గేటు దగ్గరే నిలబెట్టి కడిగేసేదీ ఆమే. పెళ్ళయి నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఈ అండాలు రోడ్డు దాటాలంటే భయపడేదట. ఆ మాట చెబితే హాస్టల్ పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఇప్పుడామె ఒకచోట కూర్చుని అన్నం తినగా చూసినవాళ్ళు లేరు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్తుంది, ఇంకో ముద్ద చేతిలో ఉండగానే గేటు దగ్గరికి వెళ్తుంది.

హాస్టల్ నడిపే విద్యలో ఆమెకు తెలియని కిటుకు లేదు. తల్లిదండ్రులు చూడ్డానికి వస్తున్నారంటే చాలు, బీరువాలోని కొత్త దుప్పట్లు మంచాలెక్కేవి. చారుకు తాళింపు రెండోసారి పడేది. బాత్రూముల్లో ఫినాయిల్ గుప్పుమనేది. కూరలెలా ఉంటాయని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో పిల్లలకు ముందే నేర్పి ఉంచేది. పాపం, ఆమె చెడ్డ మనిషేం కాదు. ఆ వీధిలో అన్ని హాస్టళ్ళూ అంతే. కాకపోతే ఈ విద్య అత్తగారి కోసం తిరగేసి వాడాల్సి వస్తుందని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

అత్త సైదమ్మకు మతి తప్పడం మొదలైంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కొడుకు పేరు గుర్తున్న రోజు కోడలి పేరు గుర్తుండదు. ఇల్లు మాత్రం కొత్తపేటలో, మెయిన్ రోడ్డు పక్క సందులో. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం ఎంత జోరు మీదుందో చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్ చౌరస్తా వైపు పొద్దున ఒక ఊరేగింపు, సాయంత్రం ఒక ఊరేగింపు. డప్పు చప్పుడు చెవిన పడితే సైదమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టి, కొంగు దోపుకుని బయల్దేరేది. ఎవరో ఒకరు ఆమె చేతికి జెండా ఇచ్చేవారు. ముసలమ్మ ముందు వరసలో నడుస్తుంటే ఎవరికి ముచ్చటగా ఉండదు? ఒకసారి పేపర్లో ఫొటో కూడా పడింది. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేస్తూ సకల జనుల సమ్మెలో ఉన్న కొడుకు దశరథ, ఆ ఫొటోను దీక్షా శిబిరంలో అందరికీ చూపించి మురిసిపోయాడు. ఆ రోజు ముసలమ్మ కోసం వీధులన్నీ గాలించింది మాత్రం అండాలే.

ఎన్నిసార్లని గాలిస్తుంది? చివరికి ఒక రోజు హాస్టల్‌కు వెళ్తూ బయట తాళం వేసింది. తిరిగొచ్చి తలుపు తీస్తే సైదమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. తలుపు బాది బాది వేళ్ళ కణుపులు కమిలిపోయాయి. కోడలిని చూసి తిట్టలేదు, ఏడవలేదు, పక్కకు జరిగి దారిచ్చింది. అండాలు ఆ చేతులకు పసుపు రాసింది. అయినా మళ్ళీ తాళం వేసింది. వేయక ఏం చేస్తుంది? వేయడం మరిచిన రోజే సైదమ్మ ఎవరి వెనకో సాగర్ రోడ్డు పట్టుకుని తుర్కయంజాల్ దాకా నడిచిపోయింది. జాకెట్టు లోపల కుట్టిన గుడ్డ మీద ఫోన్ నంబరు చూసి ఎవరో పుణ్యాత్ముడు ఫోన్ చేశాడు కాబట్టి దొరికింది. మడమ వాచిపోయి, నోరెండిపోయి, ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది.

ఆ సాయంత్రం అండాలు మొగుడితో తేల్చి చెప్పింది. "అత్తను మంచి ముసలోళ్ళ హోంల పెడదాం. నాతోని అయితలేదు."

"నలుగురేమంటరే?"

"ఆ నలుగుర్ని ఒచ్చి కావలుండమను. నువ్వు పోయి శిబిరంల కూసుంటవ్. ఉరికేది నేను. పడితే, చచ్చిపోతే, రోడ్డు మీద పోలీసోళ్ళ లాఠీ తాకితే?"

అప్పటి నుంచి అండాలు వేట మొదలైంది.

మొదట చూసింది వెంకటేశ్వర్లు అనే ఆయన హోం. పాతకాలం భూస్వాముల కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. మూడంతస్తుల బిల్డింగు, లిఫ్టు, గేటుకు కొత్త రంగు. అండాలు చెప్పా పెట్టకుండా నడిపొద్దున వెళ్ళింది. హాస్టల్ బతుకులో నేర్చుకున్న మొదటి పాఠం అది, చెప్పి వెళ్తే చూపించింది చూడాల్సి వస్తుంది.

వెంకటేశ్వర్లు ఎదురొచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడు. "చూడున్రి అమ్మా, ఎంత క్లీన్ ఉన్నదో. మా దగ్గర లొల్లి ఉండది, పరేషాన్ ఉండది."

అండాలు దుప్పట్ల వంక చూడలేదు. దుప్పట్ల సంగతి ఆమెకు తెలుసు. మంచాల మీది మనుషుల మడమలు చూసింది, గోళ్ళు చూసింది, నీళ్ళ గ్లాసు చేతికందేంత దూరంలో ఉందా లేదా చూసింది. గోళ్ళు తీసే ఉన్నాయి. గ్లాసులూ ఉన్నాయి. అయినా ఆమె ఒంట్లో ఏదో గుబులు. ఇంటినిండా మనుషులు, ఒక్క గొంతు లేదు. పొద్దెక్కిన వేళ ఇంతమంది ఒక్కసారే నిద్రపోతారా? హాస్టల్‌లో పరీక్షల ముందు రాత్రి కూడా ఇంత నిశ్శబ్దం ఆమె ఎరగదు. ఒక పెద్దామెను భుజం తట్టి లేపబోయింది. ఆమె బరువుగా కళ్ళు తెరిచి, అండాలు కొంగు పట్టుకుని, "గోలీ ఒద్దు బిడ్డా" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"పగలు గూడ నిద్ర గోలీలు ఏస్తున్నరా?" అని అడిగేసింది అండాలు.

"ఏయకుంటే లేసి తిరుగుతరమ్మా. పడితె ఎవలు జిమ్మెదారి?" అన్నాడు వెంకటేశ్వర్లు, అందులో తప్పేముందన్నట్టు.

అండాలు వెంటనే బయటపడింది. కోపంతో ఒళ్ళు మండిపోతోంది. షేర్ ఆటో ఎక్కాక కోపం కాస్తా వేరే దారి పట్టింది. ఆయన గోలీ వేస్తున్నాడు, తను తాళం వేస్తోంది. తేడా ఏముందని తనను తానే ప్రశ్నించుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయింది.

రెండోది ఎల్బీనగర్ ఇవతల ఒక కాలనీలో, కిరాయి ఇంట్లో సుమిత్రమ్మ నడిపే హోం. సుమిత్రమ్మది తెనాలి వైపు ఊరు. నర్సుగా చేసి రిటైరయింది. గోడల సున్నం పెచ్చులూడుతోంది. సందు మొదట్లోకే గొడవ వినిపించింది. లోపల ఇద్దరు తాతలు టీవీ చానల్ కోసం కీచులాడుకుంటున్నారు, ఒకామె వెల్లుల్లి ఒలుస్తూ ఇద్దరినీ తిడుతోంది. అండాలుకు ప్రాణం కొంచెం కుదుటపడింది.

"నిన్న ఏం కూర పెట్టిన్రు?" అని అడిగింది.

"సొరకాయ. ఉప్పెక్కువ" అన్నాడు ఒక తాత. "బీరకాయరా మొద్దూ" అన్నాడు రెండో తాత. "కూర సంగతెందుకు, చారు బాగుంది" అంది వెల్లుల్లి ఒలిచే ఆమె. అందరూ ఒకటే పాఠం అప్పజెప్పి ఉంటే అండాలు అప్పుడే వెనుదిరిగేది.

సుమిత్రమ్మ లోపలి గదిలోంచే కేకేసింది. "ఎవరమ్మా? ఇలా రండి. ఈవిడ పక్క తడిపేసుకుంది, దుప్పటి ఆ కొస కాస్త పట్టుకోండి."

చూడ్డానికి వచ్చిన మనిషికి పని చెప్పే వార్డెన్‌ను అండాలు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తను అయితే ఆ గది తలుపు మూసేసి, పై గదికి తీసుకుపోయేది. మారుమాట లేకుండా కొస పట్టుకుంది. దుప్పటి మారుస్తూనే సుమిత్రమ్మ అడగడం మొదలుపెట్టింది. మీ అత్తగారు పొద్దున్నే ఏం తాగుతారు, ఎవరి మాట వింటారు, దేనికి భయపడతారు అని వరసగా ఒకటే ప్రశ్నలు. పరీక్ష పెట్టడానికి వచ్చిన అండాలు పరీక్షలో కూర్చున్నట్టయింది.

"ఊరేగింపుల వెంట వెళ్ళిపోతారన్నారు కదా, ఎక్కడికి వెళ్దామని బయల్దేరతారావిడ?"

ఏడికి పోతున్నవ్ అత్తా అని అండాలు ఎన్నివందలసార్లు అరిచిందో లెక్కలేదు. జవాబు కోసం ఒక్కసారి కూడా ఆగలేదు.

"నాకు ఎర్క లేదమ్మా" అంది.

"సరే, ఆవిణ్ణే అడుగుదాం. నాలుగు రోజులు ఉంచి చూడండి. నచ్చకపోతే తీసుకెళ్ళండి."

ఇంట్లో దశరథ అంతెత్తున లేచాడు. "మా రాష్ట్రం మాకు గావాలె అని ఆంధ్రోళ్ళతోని కొట్లాడుకుంట, మా అమ్మను తీస్కపోయి ఆళ్ళింట్ల పెట్టాల్నా? శిబిరంల మొకం ఎట్ల సూపియ్యాలె?"

"నీ మొకం సంగతి నువ్వు సూస్కో. నాకు అత్త సంగతి గావాలె."

అంత గట్టిగా అన్నదే గానీ, సైదమ్మను దింపి వచ్చాక అండాలుకు కంటి మీద కునుకు లేదు. అత్త భాష సుమిత్రమ్మకు అర్థమవుతుందా? చారులో పులుపు సరిపోతుందా? ఆమె కూడా గోలీ వేస్తే? తనకు చూపించిందంతా నాటకమైతే? హాస్టల్‌లో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మూడో రోజు కొత్తపేట నుంచి ఎల్బీనగర్‌కు పెద్ద ఊరేగింపు ఉందని తెలిసి, గరిటె అక్కడే పడేసి బయల్దేరింది. పరీక్ష అంటే ఇదే. డప్పు వినపడితే ఈ సుమిత్రమ్మ ఏం చేస్తుందో చూడాలి.

ఆటోలు ఆగిపోయాయి. సగం దూరం నడిచి, సగం దూరం పరుగెత్తి హోం చేరింది. గేటు బార్లా తెరిచి ఉంది. సైదమ్మ మంచం ఖాళీ.

"ఏది మా అత్త?" అని అండాలు అక్కడి ఆయాను పట్టుకుని ఊపేసింది.

"డప్పులు ఇని లేసిందక్కా. మా మేడం చెప్పులేస్కొని ఎంట పోయింది."

అండాలు మెయిన్ రోడ్డు మీదికి ఉరికింది. గులాబీ జెండాలు, దుమ్ము, అరుపులు, చౌరస్తా దగ్గర అడ్డంగా పోలీసులు. ఆ జనం తోక దగ్గర కనపడ్డారిద్దరూ. సైదమ్మ జెండా పట్టుకుని నడుస్తోంది. ఆమె రెండో చేయి సుమిత్రమ్మ చేతిలో ఉంది. సుమిత్రమ్మ ముఖం పాలిపోయి ఉంది, పెదవులు బిగించుకుంది. నోరు విప్పితే ఏ ఊరిదో తెలిసిపోతుందన్న భయం. అయినా చేయి వదల్లేదు.

అండాలు అలవాటు కొద్దీ అత్త రెక్క పట్టుకుని గుంజింది. సైదమ్మ కెవ్వుమని, సుమిత్రమ్మ వెనక దాక్కుంది.

"గీమెతోని నేను పోను. గీమె తలుపేస్తది."

అండాలు చేయి దానంతటదే జారిపోయింది. చుట్టూ అంత గోల ఉన్నా ఆమెకేమీ వినపడలేదు. కోడలి పేరు మరిచింది, వరస మరిచింది, ఇన్నేళ్ళు వండి పెట్టిన అన్నం మరిచింది, ఆ ఒక్కటి మాత్రం మరవలేదు. సుమిత్రమ్మ అండాలు వంక చూసింది. తప్పు పట్టే చూపు కాదు. పక్కన నడవమని కళ్ళతో సైగ చేసింది. అండాలు ఒక అడుగు వెనకగా నడిచింది.

పక్కన నడిచే ఒకామె సుమిత్రమ్మను పలకరించింది. "ఏ ఊరక్కా మీది?"

సుమిత్రమ్మ సైదమ్మ చేయి ఇంకా గట్టిగా పట్టుకుంది. సైదమ్మే అందుకుంది. "మా చెల్లె. నాతోని ఒచ్చింది."

పలకరించినామె నవ్వి ముందుకు పోయింది. అప్పుడు సుమిత్రమ్మ వంగి, చెవి దగ్గర మెల్లగా అడిగింది. "ఎక్కడికి వెళ్తున్నామమ్మా మనం?"

"ఏడికి లేదు" అంది సైదమ్మ. "గింతమంది కలిసి పోతున్రు. నేనొక్కదాన్నే ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె? బుగులైతది."

అంతే సంగతి. దాని కోసమే తాళం వేసింది అండాలు. నడుస్తూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నిండితే మళ్ళీ తుడుచుకుంది.

పోలీసులు కనపడేసరికి సుమిత్రమ్మ, "కాళ్ళు నొప్పెడుతున్నాయమ్మా, ఇంటికెళ్ళి చాయ్ తాగుదామా" అంది. సైదమ్మ జెండాను ఎవరి చేతికో ఇచ్చి, బుద్ధిగా వెనక్కు తిరిగింది. ఎవరూ గుంజలేదు.

అండాలు ఇల్లు చేరేసరికి దశరథ గడపలో ఎదురుచూస్తున్నాడు. ఎంతైనా తల్లి కదా, మొన్న చేసిన రుసరుసలేవీ ముఖంలో లేవు.

"ఎట్లున్నది అమ్మ? మంచిగ చూస్తున్రా?"

"మనకంటె మంచిగ చూస్తున్రు" అంది అండాలు. "రేపు నువ్వు గూడ రా. నిన్ను గుర్తుపట్టనీ, పట్టకపోనీ. జరసేపు పక్కపొంటి నడువు."