తొమ్మిది సంతకాలు, పదహారు పుటలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లోనే అక్కడి ఒక చిన్న ప్రెస్సులో నా నవల అచ్చయింది. మేఘాలను కుండల్లో పెట్టి మూతులు కట్టేసిన మాంత్రికుడు, వాటిని విడిపించడానికి రాతిగుర్రం మీద ఎగిరిపోయే గొర్రెల కాపరి పిల్ల, వాన లేక ఎండిపోయిన రాజ్యం, ఏమీ చేతకాని రాజు, ఇదీ కథ. అప్పట్లో ఇలాంటి కథలు చిన్నచిన్న భాగాలుగా వచ్చేవి. మాంత్రికుడు కత్తి ఎత్తగానే భాగం అయిపోయేది. మిగతాది తెలియాలంటే నెలంతా కాచుకోవాలి. ఆ ఊరించడం నాకు గిట్టదు. అందుకే నాలుగు వందల పుటలూ ఒకే పుస్తకంగా వేయించాను.

నేను కడపలో ఎనిమిదో తరగతి దాకా చదివి, బనగానపల్లె దగ్గర ఒక సేద్యగాళ్ల ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మా మామగారు నేను రాస్తుంటే అడ్డుపడలేదు. అచ్చు వేయించడానికీ ఆయనే కర్నూలు తిరిగారు. అయితే పుస్తకాల కట్ట ఇంటికొచ్చిన రోజు ఒక మాట అన్నారు.

"మన ఊరి పఠనాలయంలో పెడదాం. చదివినోళ్లు బాగుండాదంటే ఎన్నైనా రాసుకో. బాలేదంటే ఇంగ కాగితం ముట్టగూడదు. సరేనా?"

"సరే మామా," అన్నాను. పొగరు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఊరు మెచ్చదేమో అన్న అనుమానమే నాకు కలగలేదు.

మా పఠనాలయమంటే ఒక గది, ఒక బీరువా, రెండు బల్లలు. దానికి పెద్ద, బడిపంతులుగా పనిచేసి మానుకున్న అయ్యవారు. ఎవరైనా పుస్తకం ఇస్తే దాన్ని వెంటనే బీరువాలో పెట్టేవారు కాదు. నెల రోజులు బల్ల మీద ఉంచి, పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టేవారు. చదివినవాళ్లు అందులో తమ అభిప్రాయం రాసి సంతకం చేయాలి. నెలాఖరు ఆదివారం అందరూ కూర్చుని ఆ అభిప్రాయాలను బట్టి పుస్తకం ఉండాలో పోవాలో తేల్చేవారు.

నెల ముగియడానికి వారం ముందు మామగారు నా నవలనూ ఆ నోటుపుస్తకాన్నీ ఇంటికి తెచ్చి, నా ముందు పెట్టి, కండువాతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డారు. మొదటి అభిప్రాయం అయ్యవారిది, ముత్యాల్లాంటి అక్షరాలు. "అసత్యములతో నిండిన గ్రంథము. ఎదుగు వయసువారికి కీడు. ఉంచదగదు." దాని కింద ఎనిమిది సంతకాలు, ప్రతి సంతకం పైనా ఒకే వాక్యం: "పైవారి అభిప్రాయమే నాదియును." వాటిలో ఆఖరుది, అయ్యవారిదీ కలిపితే తొమ్మిదోది, మా మామగారిది.

"పెద్దాయన రాసినాక కాదని యెట్ల రాసేదమ్మా," అన్నారాయన.

అర్జీ అయినా, పంచాయతీ తీర్మానమైనా మా ఊళ్లో పద్ధతి అదే. పైన పెద్దమనిషి చేవ్రాలు ఉంటే కిందవాళ్లు కళ్లు మూసుకుని చేసేస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకాన్ని విసిరికొడదామని చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కనిపించింది. మా ప్రెస్సులో అంచులు కోసే యంత్రం లేదు. మడతలు మడతలుగానే కుట్టి పంపేవాళ్లు. చదివేవాళ్లు చాకుతో పుటలు విడదీసుకుంటూ పోవాలి. ఈ పుస్తకంలో విడదీసినవి పదహారే పుటలు. అక్కడికి మాంత్రికుడు ఇంకా కథలోకి రానేలేదు. మిగతా మడతలన్నీ ప్రెస్సు నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి.

నోటిదాకా వచ్చిన మాట మింగాను. ఎందుకంటే ఆ తొమ్మిదిమందిలో మామగారూ ఉన్నారు. "ఆదివారం నేనూ వస్తాను మామా," అని మాత్రం అన్నాను. ఆయన వద్దనలేదు.

అది విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే కాలం. రోజూ మధ్యాహ్నం మా పంచలో పన్నెండుమంది ఆడకూలీలు వరుసగా కూర్చుని ఒలిచేవారు. ఒక్కరికీ చదువు రాదు. నా దగ్గరున్న ఇంకో ప్రతి తీసి, పుటలు కోసుకుని, వాళ్ల మధ్య కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే మొదటి రోజు నా ఉక్రోషం తీర్చుకోవడానికే చదివాను. మూడో రోజుకు పొరుగింటి ఆడవాళ్లు కూడా చేటలు పట్టుకుని వచ్చారు, వాళ్ల కాయలు వాళ్లే తెచ్చుకుని.

వాళ్లు ఊరుకుని వినే రకం కాదు. ఆ పిల్ల రాజును పెళ్లి చేసుకోకుండా గొర్రెల దగ్గరికే తిరిగిపోవడం ఒకామెకు అస్సలు నచ్చలేదు. "యేం చేసుకుంటాది, ఆ రాజుకు యేం చేతనైతాదని?" అని పక్కామె గదమాయించింది. ఒకామె మాంత్రికుడు చచ్చినప్పుడు కళ్లు తుడుచుకుంది. ఎందుకే అంటే, "వానికీ ఓ తల్లి ఉంటాది కదా," అంది. ఇంకొకామె రోజూ రెండో పుటకే నిద్రపోయేది. ఆమె అభిప్రాయం నాకు నేటికీ తెలియదు.

వాళ్లందరిలోకి పెద్దది ఒక అవ్వ. అయిదు రోజులూ కిమ్మనలేదు. చివరి అధ్యాయంలో కుండలు పగిలి, మేఘాలు విడుదలై, రాజ్యమంతా వాన కురిసింది. రాజు ఆ సాయంత్రమే నల్లరేగడిలో స్వయంగా మడక కట్టి దున్నాడు. నా పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది.

"అది తప్పు," అంది అవ్వ.

"ఏం తప్పు?"

"వాన కురిసిన పొద్దే నల్లరేగట్లో మడక కడతారా యాడన్నా? ఎద్దులు మోకాళ్ల దాకా దిగబడవా? రెండు దినాలు ఆరనియ్యాల."

నాకు కోపం ముంచుకొచ్చింది. "రాతిగుర్రం ఎగిరితే ఊరుకున్నావు. మేఘాలను కుండల్లో పెడితే ఊరుకున్నావు. ఇక్కడొచ్చి పట్టుకున్నావా?"

"గుర్రం సంగతి నాకు తెల్దు. ఎగిరుంటాదేమో. మడక సంగతి తెలుసు," అంది అవ్వ, కాయ ఒలుస్తూనే.

మిగతా ఆడవాళ్లంతా అవ్వ వైపే. కాసేపు మూతి ముడుచుకుని కూర్చున్నాను. తర్వాత నవ్వొచ్చింది, ఆ వెనకే కొండంత సంతోషం వచ్చింది. నా రాజ్యాన్ని వీళ్లు అంతగా నమ్మారు, అక్కడి నేల తడిసిందో ఆరిందో పట్టించుకునేంతగా.

ఆదివారం పఠనాలయానికి నాతోపాటు అవ్వ, మరో ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. ఆ గదిలోకి అంతవరకు ఆడమనిషి అడుగు పెట్టలేదు. అయ్యవారు తొమ్మిది అభిప్రాయాలూ చదివి, "ఏకగ్రీవం," అన్నారు.

నేను లేచి పుస్తకం ఆయన ముందు పెట్టాను. "అయ్యవారూ, ఇరవయ్యో పుటలో ఏముందో చదివి వినిపించండి."

ఆయన తెరవబోయారు. మడత విడలేదు. ముందుకు తిప్పారు, అదీ విడలేదు. మా మామగారు తల వంచుకున్నారు. ఆ ఒక్క క్షణం నాకు బాధేసింది, కానీ నేను వెనక్కి తగ్గలేదు.

"వీళ్లు మొత్తం విన్నారు. వీళ్ల అభిప్రాయం రాసుకోండి," అన్నాను.

"విన్నవారు పాఠకులెట్లా అవుతారమ్మా?" అన్నారు అయ్యవారు, పుస్తకం మూసేసి.

జవాబు అవ్వ చెప్పింది. "సదివేటోళ్లు సదవలేదు కదా అయ్యోరూ. మాకు సదువు రాకపోయినా కడదాకా ఇన్న్యాము."

ఎవరో ఫక్కున నవ్వారు. అప్పుడు మామగారు లేచారు. నోటుపుస్తకం తన వైపు తిప్పుకుని, తొమ్మిదో అభిప్రాయం మీద అడ్డంగా గీత కొట్టారు. "చదవకుండా రాసినాను," అని అందరికీ వినబడేటట్టు చెప్పి, "చెప్పు అవ్వా, నేను రాస్తా," అన్నారు. ఒక్కొక్కరూ చెప్పింది చెప్పినట్టు రాసి, కింద వేలిముద్రలు వేయించారు. మాంత్రికుడి తల్లి మాట కూడా వదల్లేదు. అవ్వ అభిప్రాయం ఇది: "కత శానా బాగుండాది. మడక తప్పు. దిద్దుకోవాల."

చదవకుండా ఇంకా వద్దనడానికి మిగతావాళ్లకు మొహం చెల్లలేదు. నా పుస్తకం బీరువాలోకి పోయింది. అయ్యవారు దాన్ని రెండు రోజులకే బయటికి తీసి, చాకు అడిగి తీసుకుని ఇంటికి పట్టుకుపోయారట. ఆయన దాని మీద మళ్లీ ఏమీ రాయలేదు. పన్నెండో రోజున తిరిగిచ్చినప్పుడు మాత్రం మడతలన్నీ చివరిదాకా కోసి ఉన్నాయి.

ఆ వారం మామగారు బనగానపల్లె సంతకు పోయి, ఎద్దుల పలుపులతో పాటు నాలుగు దస్తాల తెల్లకాగితం తెచ్చారు. నేను పొయ్యి దగ్గరుంటే అక్కడికే వచ్చి, తడి తగలని చోటు చూసి పెట్టారు.

"ఇంగోటి రాయమ్మా," అన్నారు. గడప దాటబోయి మళ్లీ వెనక్కి తిరిగారు. "ఈతూరి సేద్యం వచ్చిన కాడ నన్నడుగు."